గురువారం రాత్రి భోజనాలు



ఇవాళ నేను మీతో మాట్లాడబోయేది ఇంటికి పిలిచి పెట్టే భోజనాల గురించి. "అదేం పెద్ద విషయమండీ, మన ఊళ్ళో రోజూ ఎవరో ఒకరు వస్తారు, ఉన్నదాంట్లో ఇంత పెడతాం, దానికి ప్రసంగం కూడానా" అంటారేమో. ఊళ్ళో అయితే నిజమే. గుమ్మం ఎక్కినవాళ్ళను "భోంచేసి వెళ్ళండి" అనడానికి ముందస్తు ఏర్పాటేమీ అక్కర్లేదు. నేను కాపురం చేసింది మాత్రం ఎడారి దేశంలో. మా ఆయన ఉద్యోగం కోసం 1990ల నడుమ దుబాయి వచ్చాం. కొన్నేళ్ళు దుబాయి కరామాలో, ఆ తరవాత షార్జాలో. అత్తవారు లేరు, పుట్టింటివారు లేరు, వీధి చివర పిన్నిగారిల్లు లేదు. పండగపూట ఇంట్లో నలుగురు మనుషులు మసలాలంటే ఆ నలుగురినీ మనమే వెతికి తెచ్చుకోవాలి. అలా మొదలైన భోజనాలు ఇప్పటికీ సాగుతూనే ఉన్నాయి. ఇన్నేళ్ళ భోజనాల్లో ఏవి గుర్తుండిపోయాయో, ఎందుకు ఉండిపోయాయో చెబుతాను.

మా విందుల ముహూర్తం ఈ దేశపు సెలవును బట్టి కుదిరేది. మేం వచ్చిన కొత్తలో సెలవంటే శుక్రవారం. చాలా ప్రైవేటు కంపెనీల్లో వారానికి ఆ ఒక్కరోజే. కాబట్టి భోజనాలన్నీ గురువారం రాత్రి. ఇక్కడో చిక్కుండేది. వచ్చేవాళ్ళలో సగంమంది సాయిబాబా భక్తులు, గురువారం మాంసం ముట్టరు. వాళ్ళకోసం గుత్తివంకాయ, మిగతావాళ్ళకు కోడికూర, రెండూ చెయ్యాలి. ఒకాయన మాత్రం పప్పుతో సరిపెట్టుకుని, పేకాటలో కూర్చుని, గడియారం పన్నెండు దాటగానే "శుక్రవారం వచ్చేసిందమ్మా" అంటూ మళ్ళీ కంచం పట్టుకుని వచ్చేవాడు. 2006 సెప్టెంబరు నుంచి ప్రభుత్వ సెలవులు శుక్ర, శనివారాలయ్యాయి. 2022 జనవరిలో శని, ఆదివారాలకు మారాయి, శుక్రవారం ఒంటిపూట. షార్జా ప్రభుత్వం మాత్రం శుక్రవారంతో కలిపి మూడు రోజులు సెలవిచ్చింది. ఈ మార్పుతో ఒక మేలు జరిగింది. ఇక్కడి సెలవూ మన దేశపు ఆదివారమూ కలిశాయి. ఇప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళు ఫోన్లో మా బంతిని చూస్తూ "పప్పు మీద నెయ్యి వెయ్యి" అని అక్కణ్ణుంచే వడ్డన చేయిస్తున్నారు.

కరామాలో మాది ఒకే పడకగది ఫ్లాటు. హాల్లో సోఫా, చిన్న బల్ల, నాలుగు కుర్చీలు. పదిమందికి మించి వస్తున్నారంటే సోఫాను పడకగదిలోకి నెట్టేసి, నేలమీద సుఫ్రా పరిచేవాళ్ళం. సుఫ్రా అంటే అరబ్బులు నేలమీద పరుచుకుని భోంచేసే గుడ్డ. ఇప్పుడది పల్చటి ప్లాస్టిక్ చుట్టగా ప్రతి బకాలాలో, అంటే వీధి కిరాణా కొట్టులో, దొరుకుతుంది. కావలసినంత పొడవు లాగి చింపుకోవడం, పరుచుకోవడం, తిన్నాక ఎముకలూ కరివేపాకూ మునక్కాడ పిప్పీ అందులోనే మూటగట్టి పారేయడం. మన బంతి భోజనానికి ఇంతకంటే అనువైన వస్తువు నేనింకెక్కడా చూడలేదు. రెండు వరసలు పరిచి, మధ్యలో వడ్డించేవాళ్ళు వంగి నడిచేంత సందు వదిలేవాళ్ళం.

ఎనిమిదింటికి రమ్మంటే తొమ్మిదిన్నరకు వచ్చేవాళ్ళు. ఆలస్యం వాళ్ళది కాదు, పార్కింగుది. "కిందే ఉన్నామండీ, కారు తిప్పుతున్నాం" అన్న ఫోన్ వచ్చాక కూడా అరగంట పట్టేది. ఆ తరవాత పార్కింగుకు తోడు దారి సుంకం కూడా వచ్చింది, 2007 జూలైలో దుబాయి రోడ్ల మీద సాలిక్ టోల్ గేట్లు పెట్టారు. అప్పటికే దుబాయిలో అద్దెలు పెరిగి, మాలాంటివాళ్ళం చాలామంది షార్జాకు మారిపోయి ఉన్నాం. రెండు ఊళ్ళమధ్య సాయంత్రంపూట కార్లు కదలవు. దుబాయి నుంచి అన్నానికి వచ్చే మనిషి ఆ రద్దీలో గంటన్నర కూర్చుని వస్తున్నాడంటే, మనమీద అభిమానం ఉన్నట్టే లెక్క.

ఇక సరుకుల సంగతి. అప్పట్లో కరామా కొట్లలో కేరళ మట్టబియ్యం, బాస్మతి ధారాళంగా ఉండేవి. మన సన్నబియ్యం దొరికిన రోజు ఒకరికొకరం ఫోన్లు చేసుకునేవాళ్ళం. ఆ తరవాత సోనామసూరి పెద్ద కొట్లన్నిటిలోకీ వచ్చింది. 2023 జూలైలో ఇండియా బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు, మరుసటి ఏడాది సెప్టెంబరులో మళ్ళీ వదిలేదాకా, ఆ పాతరోజుల ఫోన్లు కొన్నాళ్ళు తిరిగొచ్చాయి. చేపలకు బర్ దుబాయి వైపు నుంచి అబ్రా ఎక్కి, అంటే క్రీకు దాటించే చెక్కపడవ ఎక్కి, అర్ధ దిర్హాం ఇచ్చి డేరా చేపల మార్కెట్టుకు వెళ్ళేవాళ్ళం. మన వంజరాన్ని ఇక్కడ కనద్ అంటారు. ముక్కలు కోయించుకుని వస్తుంటే పడవలో పక్కవాళ్ళు సంచివైపు చూసి, ఈ పూట వీళ్ళింటికి చుట్టాలొస్తున్నారని పోల్చుకునేవాళ్ళు. ఆ మార్కెట్టు 2017లో కొత్త చోటుకు మారింది. అబ్రా ఛార్జీ ఇప్పుడు ఒక దిర్హాం.

గసగసాల సంగతి కొత్తగా వచ్చే ఆడవాళ్ళకు నేను మొట్టమొదట చెప్పే మాట. ఈ దేశంలో గసగసాలు మాదకద్రవ్యాల కింద లెక్క, పూర్తిగా నిషేధం. అత్తగారు ప్రేమగా కట్టిచ్చిన మసాలా పొట్లంలో గుప్పెడు గసగసాలున్నా విమానాశ్రయంలో పెద్ద కేసవుతుంది. అందుకే ఇక్కడి తెలుగు కుర్మాల్లో చిక్కదనం జీడిపప్పుదీ పుచ్చగింజలదీను. గోంగూరను బాల్కనీలో, చేపల కొట్టువాడు పారేసే థర్మోకోల్ పెట్టెల్లో మట్టి నింపి పెంచుతాం. ఎదురింటి సూడాన్ ఆవిడ ఒకసారి ఆ మొక్కను చూసి నవ్వింది. ఆమె మాకు చల్లగా ఇచ్చే కర్కదే అనే ఎర్రటి పానకం ఈ జాతి మొక్క కాయల తొక్కలతో చేసిందే. మేం ఆకు తింటాం, వాళ్ళు కాయ తొక్క తాగుతారు. ఉగాదికి వేపపువ్వు లోటు లేదు. ఇక్కడ రోడ్ల పక్కన నీడకోసం వేపచెట్లు వరసగా నాటారు. తెల్లారకుండానే సంచి పట్టుకుని చెట్లకింద తిరిగే మనుషులు కనబడితే వాళ్ళు తెలుగువాళ్ళని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు.

మా బంతిలో తెలుగు జిల్లాలన్నీ కూర్చునేవి. కోనసీమ వాళ్ళు పూతరేకులు తెచ్చేవారు, కరీంనగర్ వాళ్ళు సకినాలూ సర్వపిండీ, కడప వాళ్ళు కారప్పొడి. పులిహోరలో ఇంగువ పడాలా వద్దా అన్న వాదన ఎన్నేళ్ళయినా తేలలేదు. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడిన వారం, ఆ గురువారం కూడా భోజనాలు పెట్టాం. సంబరంగా వచ్చినవాళ్ళున్నారు, ముభావంగా వచ్చినవాళ్ళున్నారు. బగారా అన్నం గిన్నె ఒకవైపు నుంచి, ముద్దపప్పు ఆవకాయ రెండోవైపు నుంచి కదిలాయి. రెండూ అందరి కంచాల్లోకీ వచ్చాయి. రాజకీయం ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఆ రాత్రి మర్యాద.

అతిథి మర్యాదలో ఈ దేశం మనకేమీ తీసిపోదు. ఒక దిర్హాం నాణెం మీద ఉండేది ఏమిటనుకున్నారు? కాఫీ కూజా. దల్లా అంటారు. పెద్దవాళ్ళ ఇళ్ళల్లో మజ్లిస్ అని ఒక గది, వచ్చినవాళ్ళు కూర్చోవడానికే. కాఫీ పోసేవాడు కూజా ఎడమచేత పట్టి, చిన్న కప్పు కుడిచేత అందిస్తాడు. కప్పులో కొంచెమే పోస్తాడు, తాగుతుంటే మళ్ళీ పోస్తాడు. చాలనుకుంటే కప్పును అటూ ఇటూ ఊపాలి. లేదంటే పోస్తూనే ఉంటాడు. మన వడ్డనలో విస్తరి మీదకి చెయ్యి అడ్డం పెట్టడం లాంటిదే. ఈ మజ్లిస్‌నూ, అరబ్బీ కాఫీనీ యునెస్కో 2015లో వారసత్వ సంపదగా గుర్తించింది.

రంజాన్ నెలలో సాయంత్రమయ్యేసరికి పక్క ఫ్లాట్ల నుంచి కంచాలొస్తాయి. మొదటిసారి హరీస్ వచ్చినప్పుడు మా ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది మసాలా వెయ్యని హలీమ్" అన్నారు. నిజంగానే ఆ రెండూ అన్నదమ్ములు. గోధుమలూ మాంసమూ గంటల తరబడి ఉడికించి మెత్తగా ఎనిపేదే హరీస్. నిజాం కొలువులోకి వచ్చిన అరబ్బు సైనికుల వెంట హైదరాబాదు చేరి, అక్కడి పప్పులూ మసాలాలూ నెయ్యీ కలుపుకుని హలీమ్ అయింది. ఆ సైనికుల వారసులు హైదరాబాదులోని బార్కస్ ప్రాంతంలో ఇప్పటికీ ఉన్నారు. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, హరీస్ 2023లో యునెస్కో జాబితాకెక్కింది. పక్కింటి సిరియా ఆవిడ నుంచి వచ్చిన కంచం ఖాళీగా వెనక్కి పంపకూడదని నేను పులిహోర పెట్టి పంపాను. ఖాళీ కంచం పంపకూడదన్న పట్టింపు వాళ్ళకూ ఉంది. ఇంకేముంది, ఆ ఒక్క కంచం నెల పొడుగునా రెండిళ్ళ మధ్య తిరిగింది.

జీతాలు పెరిగాయి, ఇళ్ళు పెద్దవయ్యాయి. దానితోపాటు భోజనాల తీరూ మారింది. ఒకింట్లో పన్నెండు రకాలు చేస్తే రెండో ఇంట్లో పదిహేను. వంట చాలక హోటలు నుంచి రేకు ట్రేల్లో బిర్యానీ, కబాబులు. మెల్లగా ఒక లెక్క కూడా పుట్టింది. వాళ్ళు మనల్ని రెండుసార్లు పిలిచారు, మనం ఒక్కసారే పిలిచాం. వాళ్ళ పాప పుట్టినరోజుకు మనకు చెప్పలేదు కాబట్టి మన సత్యనారాయణ వ్రతానికి వాళ్ళకు చెప్పక్కర్లేదు. పెళ్ళి చదివింపుల పుస్తకంలాంటిదే ఈ లెక్క, కాగితం మీద రాయరంతే. ఈ లెక్క బరువంతా మోసింది ఆడవాళ్ళు. రెండు రోజుల ముందునుంచి కోతలు, నూరుళ్ళు, ఆఖర్న వడ్డించి, అందరూ లేచాక వంటగట్టు దగ్గర నిలబడి తినడం. ఆ ఆడంబరపు విందుల్లో ఏం తిన్నామో నాకు ఒక్కటీ గుర్తులేదు.

గుర్తున్నవి వేరు.

2008 చివర్లో ప్రపంచమంతా వచ్చిన ఆర్థికమాంద్యం దుబాయిని గట్టిగానే తాకింది. కట్టే భవనాలు ఆగిపోయాయి, ఇంజనీర్లకు ఉద్యోగాలు పోయాయి. ఉద్యోగం పోతే వీసా పోతుంది, ఇచ్చిన గడువులోగా కుటుంబమంతా దేశం వదలాలి. 2009లో మా ఇంట్లో జరిగినవన్నీ వీడ్కోలు భోజనాలే. సామానంతా అమ్మేసుకున్నవాళ్ళకు పొయ్యి కూడా ఉండదు కదా, ప్రయాణం రోజు దాకా మా ఇంట్లోనే అన్నం. వెళ్ళేవాళ్ళు బరువెక్కువవుతుందని గిన్నెలు మాకు వదిలి వెళ్ళేవారు. మీరిప్పుడు మా వంటింటికి వస్తే చూపిస్తాను. స్టీలు డబరా అంచున చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఇంటిపేరు మాది కాదు. ఇడ్లీపాత్ర మూతమీద ఉన్న పెళ్ళితేదీ మాది కాదు. పెద్ద గుండిగ మీద "అమ్మమ్మ జ్ఞాపకార్థం" అని ఉంటుంది, ఆ అమ్మమ్మ ఎవరి అమ్మమ్మో పేరు చెరిగిపోయింది. పదిహేనుమందికి వండితే ఆ గుండిగలోనే వండుతాను. ఆ గిన్నెలవాళ్ళు హైదరాబాదులో, బెంగుళూరులో, కెనడాలో స్థిరపడ్డారు. పిల్లల పెళ్ళిళ్ళకు పిలుస్తారు, కుదిరితే వెళతాం, కుదరకపోతే లేదు. ఎవరూ ఏమీ అనుకోరు.

2020 ఉగాది మార్చి 25న వచ్చింది. వేపపువ్వు కోసుకొచ్చాం, పచ్చడి చేశాం, తినడానికి ఇద్దరమే. కరోనా మూలంగా గుమిగూడడం మీద నిషేధం వచ్చింది. ఇంటికి జనాన్ని పిలిచినవాళ్ళకు పదివేల దిర్హాములు, వచ్చినవాళ్ళకు తలా అయిదువేలు జరిమానా. అన్నం పెట్టడం నేరమయ్యే కాలం చూస్తామని ఎప్పుడైనా అనుకున్నామా! కానీ అన్నం ఆగలేదు. ఒంటరిగా జ్వరంతో గదిలో ఉన్న కుర్రాళ్ళకు క్యారియరు కట్టి తలుపు బయట పెట్టి, గంట కొట్టి వచ్చేసేవాళ్ళం. లిఫ్టు ఎక్కాక ఫోన్ చేసి "పెట్టానయ్యా, తీసుకో" అనేవాళ్ళం.

ఇక 2024 ఏప్రిల్ 16. మంగళవారం. ఈ దేశంలో 75 ఏళ్ళ రికార్డుల్లో అంత వాన లేదన్నారు. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఇరవై నాలుగు గంటల్లోపే 254.8 మిల్లీమీటర్లు పడింది. ఎడారిలో వాననీరు పోయే కాలువలు మన ఊళ్ళలా ఉండవు. షార్జాలో మా వీధి చెరువైపోయింది. కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది, కొళాయి ఎండిపోయింది. మరుసటి రోజు శ్రీరామనవమి. ఈదుల్ ఫితర్ వెళ్ళి వారమే కాబట్టి ప్రతి ఇంట్లోనూ ఫ్రీజరు నిండా మాంసం. కరెంటు లేక అదంతా కరగడం మొదలైంది. పాడైపోకుండా వండెయ్యాలి. గ్యాసు పొయ్యిలున్నవాళ్ళం మేం కొంతమందిమి. మూడో అంతస్తు మలయాళీ నర్సు చేపలు తెచ్చింది, సిరియా ఆవిడ గొర్రెమాంసం తెచ్చింది, కింద నుంచి నాతూర్, అంటే మా బిల్డింగు వాచ్‌మన్, మోకాళ్ళలోతు నీళ్ళలో వెళ్ళి కుబ్బూస్ రొట్టెలు తెచ్చాడు. కారిడార్లో ఫోన్ల వెలుతురులో సుఫ్రా పొడుగ్గా పరిచాం. నవమి పూట మేం మాంసం తినం కాబట్టి వడపప్పూ, చలిమిడీ, తాగునీళ్ళ సీసాల్లో దాచిన నీళ్ళతోనే పానకమూ చేశాను. మిరియాల ఘాటుకు సిరియా పిల్లలు దగ్గుతూ నవ్వుతూ మళ్ళీ గ్లాసు చాపారు. ఎవరు ఎవర్ని పిలిచారు అంటే, ఎవరూ పిలవలేదు. మూడేళ్ళుగా లిఫ్టులో తలదించుకుని వెళ్ళిన మనుషుల పేర్లు ఆ రోజు తెలిశాయి.

ఆఖరుగా ఒక అతిథి గురించి చెప్పాలి. జగిత్యాల వైపు పల్లెటూరి కుర్రాడు. భవనాల పనిలో ఉండేవాడు, ఉండడం సోనాపూర్ లేబర్ క్యాంపులో. వాళ్ళమ్మ ఎవరిచేతో సకినాల డబ్బా పంపితే అది తిరిగి తిరిగి మా ఇంటికి చేరింది. తీసుకోవడానికి శుక్రవారం మధ్యాహ్నం వచ్చాడు. ఆగస్టు ఎండ. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ నిబంధన ఉంది. మిగతా గంటల ఎండ ఆ మనిషి మెడమీద నల్లగా కనబడుతోంది. చెప్పులు బయట విడిచి, డబ్బా తీసుకుని, వెళ్ళబోయాడు. కూర్చోమంటే సోఫా మీద కూర్చోలేదు, నేలమీద కూర్చున్నాడు. ఆ రోజు ఇంట్లో ప్రత్యేకంగా ఏమీ లేదు. పప్పు, వంకాయ వేపుడు, చారు, పెరుగు. కోడిగుడ్డు అట్టు వెయ్యనా అంటే వద్దన్నాడు. పప్పన్నం నెమ్మదిగా కలుపుకుని, "ఇంట్ల కూసోని తినక రెండేండ్లాయె అక్కా" అన్నాడు. తిన్న కంచం తనే కడుగుతానని పట్టుబట్టాడు. ఆ తరవాత నెలకోసారి వచ్చేవాడు, ఎప్పుడూ ఒట్టి చేతులతో రాలేదు, డజను అరటిపళ్ళయినా ఉండేవి. అతను మమ్మల్ని తిరిగి తన గదికి భోజనానికి పిలవలేడు. ఎనిమిదిమంది పడుకునే గదికి కుటుంబాన్ని ఎలా పిలుస్తాడు? మా ఇంట్లో జరిగిన విందులన్నిటిలో, తిన్నవాడు తృప్తిగా తిన్నాడని నేను గట్టిగా చెప్పగలిగింది ఆ పప్పన్నమే.

గల్ఫ్ దేశాల్లో ఇలాంటివాళ్ళు లక్షల్లో ఉన్నారు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి కూలిపనులకు వచ్చిన మగవాళ్ళు. కోనసీమ, రాయచోటి వైపు నుంచి ఇళ్ళల్లో పనికి వచ్చిన ఆడవాళ్ళు. పదిమందికి వండి పెట్టడమే వాళ్ళ పని, వాళ్ళకు వడ్డించేవాళ్ళు లేరు. సెలవు దొరికిన పూట ఎక్కడికి పోవాలో తెలియక పార్కుల్లో కూర్చుంటారు.

అందుకని నా మాట ఇది. మీరు దుబాయిలో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, విజయవాడలో ఉన్నా, ఇంటికి మనుషుల్ని పిలవండి. పదిహేను రకాలు అక్కర్లేదు, పప్పూ చారూ చాలు. మగవాళ్ళు కూడా వంటింట్లోకి వచ్చి ఓ చెయ్యి వెయ్యండి, వండిన ఇల్లాలు అందరితోపాటు బంతిలో కూర్చునేలా చూడండి. పిలిచే పదిమందిలో ఒక్కరైనా మిమ్మల్ని తిరిగి పిలవలేనివాళ్ళు ఉండాలి. హాస్టలు కుర్రాడో, కొత్తగా ఊళ్ళోకి బదిలీ అయినవాళ్ళో, ఒంటరిగా ఉండే పెద్దావిడో, మీ బిల్డింగు వాచ్‌మనో. ఈ వారమే పిలవండి.